మదనపల్లె దగ్గర ఒక పోర్టింగు పాఠం

మొన్న సెలవులకి కురబలకోట వెళ్ళినప్పుడు, అంగళ్ళులో ఇంజనీరింగు చదువుతున్న మా పిన్ని కొడుకు అడిగాడు: "అన్నా, ప్రోగ్రాంని వేరే ఓఎస్‌కి పోర్టు చేయడమంటే మళ్ళీ కంపైల్ చేసేదే కదా?" నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను లెండి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, స్పార్క్ మెషీన్ మీద సొలారిస్‌లో నడిచే బిల్లింగు ప్రోగ్రాంని ఇంటెల్ లినక్సుకి మార్చే పని నా మీద పడింది. రెండు రోజుల్లో కంపైలయింది. "అయిపోయింది" అని మేనేజరుకి మెయిల్ కూడా కొట్టేశాను. తీరా పాత ఫైలు తెరిస్తే, 1 రూపాయి బాకీ ఉన్నాయన 1,67,77,216 రూపాయలు బాకీ పడ్డాడు! నాలుగు బైట్ల అంకెలో స్పార్క్ పెద్ద బైటుని ముందు రాస్తుంది, ఇంటెల్ చిన్న బైటు ముందుందనుకుని చదువుతుంది. ఫైలు ఏ వరసలో ఉందో ఎక్కడా రాసి లేదు. ఆ కోడు రాసినాయన మానేసి ఏళ్ళయింది. తవ్వి తీసేసరికి మూడు వారాలు పట్టింది.

ఇదేమీ కొత్త రోగం కాదు. 1973లో యునిక్సుని సీ భాషలో తిరగరాశారు. 1977లో ఆస్ట్రేలియాలోని వొలంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్ దాన్ని ఇంటర్‌డేటా 7/32 మీదకి తీసుకెళ్ళాడు. దాదాపు అప్పుడే బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్, డెనిస్ రిచీ ఇంటర్‌డేటా 8/32 మీద అదే పని చేశారు. బైట్లు తారుమారయ్యే ఈ తంటాకి "యునిక్స్" అక్షరాలనే అటూఇటూ చేసి "నక్సి" అని పేరు కూడా పెట్టారు. కోడు తనకి తెలియకుండానే పాత మెషీన్ని ఎక్కడెక్కడ నమ్ముకుందో పోర్టు చేస్తేనే బయటపడుతుంది. అనుమానం కలిగించే కోడుని ముందే పట్టిచ్చే లింట్‌ని జాన్సన్ రాసింది కూడా ఆ రోజుల్లోనే.

మా ఊరి పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి, జనగణమనని స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించారు. బాణీని మార్గరెట్ కజిన్స్ స్వరలిపిలో రాసిపెట్టారు. ఇప్పుడు మనం పాడేది ఆ ఇంగ్లీషు కాదు. కానీ బాణీ కాగితం మీదకి ఎక్కింది కాబట్టి, బెంగాలీ ముక్క రానివాళ్ళు కూడా దాన్ని చూసి నేర్చుకోవచ్చు. రాసినాయన పక్కన ఉండక్కర్లేదు.

మావాడికి అదే చెప్పాను: "కంపైలు రెండు రోజులే రా. మిగతా మూడు వారాలూ, ఎవరో రాయకుండా వదిలేసిన ఒక్క వాక్యానికి నేను కట్టిన వడ్డీ."

చెప్పాక నాకే అనుమానమొచ్చింది. నేను వదిలేసిన వాక్యాలకి ఇప్పుడు ఎక్కడ ఎవరు వడ్డీ కడుతున్నారో!