మసి, పెచ్చు, బూడిద: రామగుండం బాయిలర్ల సంరక్షణ చరిత్ర

గోదావరి లోయ బొగ్గు ప్రాంతం గురించి వచ్చిన రచనలు ఎక్కువగా గనిని, గని కార్మికుణ్ణి, సమ్మెలను కేంద్రంగా చేసుకున్నాయి. ఆ బొగ్గును మండించి నీటిని ఆవిరిగా మార్చే బాయిలర్‌ గురించి, దాన్ని ఏటా చల్లార్చి, విప్పి, తోమి, పరీక్షించి మళ్లీ వెలిగించిన పనివారి గురించి రాసినది చాలా తక్కువ. బాయిలర్‌ సామర్థ్యం అంటే మండిన బొగ్గులోని వేడిలో ఎంత భాగం ఆవిరిలోకి చేరిందన్న లెక్క. ఆ లెక్క యంత్రం కొన్ననాటి కాగితాల్లో ఒకసారి నమోదైనా, దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టింది మాత్రం ఈ పనివారే. ఆ కారణంగా రామగుండం, గోదావరిఖనుల చరిత్రలో వారికి దక్కవలసిన చోటు ఇప్పటికంటే పెద్దది.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్‌ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించగా, 1886లో ఏర్పడిన హైదరాబాద్‌ దక్కన్‌ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్‌గా పేరు మారిన ఆ సంస్థలో అధిక వాటాను 1945లో నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది. కట్టెల బొగ్గు నుంచి వేరుగా గుర్తించడానికి జనం ఈ గని బొగ్గును రాక్షసి బొగ్గు అన్నారు. దానికి తొలినాళ్ల పెద్ద గిరాకీ రైలింజన్ల నుంచి వచ్చింది, రైలింజను చక్రాల మీద కదిలే బాయిలరే. ఆ కాలపు గనుల్లో ఊటనీటిని తోడే పంపులూ బొగ్గు తొట్లను పైకి లాగే యంత్రాలూ ఆవిరితో నడిచేవి కనుక, బొగ్గు తవ్విన చోటే బాయిలర్‌ను చూసుకునే వృత్తి కూడా పుట్టింది.

ఆ వృత్తికి క్రమాన్ని ఇచ్చింది ఒక దుర్ఘటన. 1863లో కలకత్తాలో బాయిలర్‌ పేలి పలువురు చనిపోవడంతో 1864లో బెంగాల్‌ ప్రభుత్వం తనిఖీని తప్పనిసరి చేసింది. ఇతర రాష్ట్రాలు తలా ఒక చట్టం చేసుకోగా, వాటన్నిటినీ ఒక దారికి తెస్తూ 1923లో భారత బాయిలర్ల చట్టం వచ్చింది. ఈ చట్టం ప్రకారం ఇచ్చే ధ్రువపత్రం మామూలుగా 12 నెలలకు మించి చెల్లేది కాదు. గడువు తీరేలోగా యజమాని బాయిలర్‌ను ఆర్పి, లోపలా బయటా శుభ్రం చేయించి, తనిఖీ అధికారి ముందు విప్పి పెట్టాల్సి ఉండేది. గని ప్రాంతంలో ఏటా వచ్చే షట్‌డౌన్‌, అంటే యంత్రాన్ని పూర్తిగా నిలిపి చేసే మరమ్మతు కాలం, ఈ నిబంధన చుట్టూ అల్లుకున్న ఆచారమే.

షట్‌డౌన్‌ రోజుల్లో జరిగే పనిని దగ్గరగా చూడవలసిందే. నీరూ ఆవిరీ వేరుపడే పెద్ద ఉక్కు పీపాను డ్రమ్ము అంటారు. దాని కొసన మనిషి ఒరిగి దూరగలిగేంత కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఉంటుంది. ఆకారం అలా ఉండడానికి కారణం ఉంది: గుండ్రని మూతను అదే కొలత రంధ్రంలోంచి లోపలికి పంపడం సాధ్యం కాదు, కోడిగుడ్డు ఆకారపు మూతనైతే పక్కకు తిప్పి లోపలికి జొనిపి లోపలివైపు నుంచి బిగించవచ్చు, ఆపైన ఆవిరి ఒత్తిడే దాన్ని అంచుకు అదిమి పట్టి ఉంచుతుంది. లోపలికి వెళ్లేవారు జేబులు ఖాళీ చేసుకొని, తక్కువ వోల్టేజీ దీపం పట్టుకొని వెళ్తారు. బయట ఒకరు కూర్చొని లోపలికి వెళ్లిన ప్రతి సుత్తినీ ప్రతి బోల్టునీ లెక్క రాస్తారు. ఒక్క నట్టు మరచిపోయినా అది ట్యూబు మూతి దగ్గర అడ్డుపడి నీటి ప్రవాహాన్ని ఆపుతుంది, నీరు అందని ట్యూబు మంట వేడికి మెత్తబడి ఉబ్బి పగులుతుంది. నీటిలోని సున్నం, సిలికా వంటివి గట్టిపడి ఏర్పడే పెచ్చు చేసే హాని కూడా ఇలాంటిదే; వేడిని నీటికి చేరనివ్వక లోహాన్ని కాల్చే ఆ పొరను పాత బాయిలర్లలో చిన్న సుత్తులతో కొట్టి రాల్చేవారు, తరువాతి కాలంలో ఖనిజాలు పూర్తిగా తీసేసిన నీటిని వాడడంతో, ఆమ్లంతో కడగడంతో ఆ మోత తగ్గింది.

రామగుండంలో 1971లో పని మొదలుపెట్టిన 62.5 మెగావాట్ల బి విద్యుత్‌ కేంద్రంతోనూ, 1978లో శంకుస్థాపన జరిగి 1983లో తొలి యూనిట్‌ నడిచిన ఎన్టీపీసీ కేంద్రంతోనూ ఈ పని స్థాయి మారింది. 200 మెగావాట్ల యూనిట్లు 3, 500 మెగావాట్ల యూనిట్లు 4 చేరి 2004 నాటికి ఎన్టీపీసీ సామర్థ్యం 2,600 మెగావాట్లకు పెరిగింది. ఇక్కడి బాయిలర్ల శత్రువు పెచ్చు కంటే ఎక్కువగా బూడిద. మన బొగ్గులో బూడిద తరచుగా మూడో వంతు దాకా ఉంటుంది, అందులోని ఇసుక వంటి గట్టి రేణువులు పొగతో పాటు వేగంగా కొట్టుకుపోతూ ట్యూబులను ఆకురాయిలా అరగదీస్తాయి. ముఖ్యంగా పొగలో మిగిలిన వేడితో నీటిని ముందుగా కాచే ఎకనమైజర్‌ వంపుల్లో ఈ అరుగుదల ఎక్కువ. ఒక ట్యూబు చిల్లిపడితే అక్కడినుంచి చిమ్మే ఆవిరి పక్క ట్యూబును కోస్తుంది, అది మరో ట్యూబును కోస్తుంది. సన్నని ఈలలాంటి శబ్దాన్ని మొదట్లోనే పసిగట్టినవారు ఎన్నో రోజుల నష్టాన్ని తప్పించగలుగుతారు. అందుకే ప్రతి షట్‌డౌన్‌లోనూ ట్యూబుల మందాన్ని మనిషి చెవికి అందని ధ్వని తరంగాలతో కొలిచి, కిందటేటి కొలతతో పోల్చి, పలుచబడిన ముక్కను పగలకముందే కోసి కొత్తది అతుకుతారు.

సామర్థ్యం సంగతి మసి దగ్గర తేలుతుంది. ట్యూబుల మీద మసి, బూడిద పేరుకుంటే వేడి నీటికి చేరక చిమ్నీ దారి పడుతుంది; చిమ్నీకి పోయే పొగ వేడి సుమారు 22 డిగ్రీలు పెరిగితే సామర్థ్యం ఒక శాతం మేర పడిపోతుందన్నది ఈ వృత్తిలో అందరూ వాడే అంచనా. ఆవిరిని చిమ్మి మసిని దులిపే సూట్‌ బ్లోయర్లను నడపడం, పొగ వేడితో గాలిని కాచే ప్రీహీటర్‌ సీళ్లను సరిచూడడం చూసేవారికి చిన్న పనులుగా కనిపించినా, రోజుకు వేల టన్నుల బొగ్గు మండే చోట ఆ ఒక్క శాతం అంటే గోదావరిఖని గనుల్లో ఎందరో భూగర్భంలో చెమటోడ్చి తీసిన బొగ్గు.

ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్ర పునర్విభజన చట్టం తెలంగాణకు హామీ ఇచ్చిన 4,000 మెగావాట్లలో భాగంగా రామగుండం ఎన్టీపీసీలో వచ్చిన రెండు 800 మెగావాట్ల యూనిట్లు 2023 అక్టోబరులో ఒకటి, 2024 మార్చిలో మరొకటి జాతికి అంకితమయ్యాయి. నీటికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే స్థితిని, అంటే సుమారు 221 బార్ల ఒత్తిడిని, 374 డిగ్రీల వేడిని దాటి పనిచేసే ఈ బాయిలర్లలో నీరూ ఆవిరీ వేరుపడవలసిన అవసరం లేదు కనుక డ్రమ్ము లేదు. పాత బాయిలర్లలో నీటి మాలిన్యం డ్రమ్ములో చేరితే కొంత నీటిని బయటికి వదిలి దాన్ని తొలగించే వీలుండేది. ఇక్కడ అటువంటి వెసులుబాటు లేదు, నీటితో వచ్చిన మలినం ట్యూబులోనో టర్బైన్‌ రెక్కల మీదనో అంటుకుంటుంది. అందువల్ల టర్బైన్‌ నుంచి తిరిగివచ్చే నీటిని ప్రతి చుట్టులోనూ రెసిన్‌ గుళికల మధ్య నుంచి పంపి శుద్ధి చేస్తారు. సామర్థ్యం పెరిగిన కొద్దీ బాయిలర్‌ తన సంరక్షకుణ్ణి తక్కువగా అడుగుతుందనుకోవడం పొరపాటు, అది మరింత కచ్చితమైన మనిషిని అడుగుతుంది.

బి కేంద్రం అర్ధ శతాబ్దం దాటి నడిచి 2024లో మూతపడింది. ఒక బాయిలర్‌ అన్నేళ్లు నిలవడం తరాల పనివారి శ్రద్ధకు సాక్ష్యం. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. ఇప్పటికీ షట్‌డౌన్‌ వచ్చినప్పుడు గోదావరిఖని, ఎన్టీపీసీ చుట్టుపక్కల బస్తీల నుంచి వచ్చే వెల్డర్లు, ఫిట్టర్లు, పరంజా కట్టేవారు చల్లారిన కొలిమిలోకి దిగి, బహుళ అంతస్తుల ఎత్తున నిలిచిన ట్యూబు గోడలను జానెడు జానెడుగా తడిమి చూస్తారు. డ్రమ్ము లేకపోయినా లెక్క రాసే మనిషి మాత్రం ద్వారం దగ్గరే ఉంటాడు. లోపలికి పోయిన పనిముట్లన్నీ, మనుషులందరూ బయటికి వచ్చినట్టు రిజిస్టరులో సంతకం పడ్డాకే తలుపు బిగించి మంటకు అనుమతి ఇస్తారు.