హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ: ఒక మార్పిడి చరిత్ర

ఇంటి కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్‌ను తీసివేసి, దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీని, అంటే కదిలే భాగమేదీ లేకుండా సెమీకండక్టర్ చిప్‌లలోనే సమాచారాన్ని భద్రపరిచే సాలిడ్ స్టేట్ డ్రైవ్‌ను, బిగించుకునే అలవాటు 2008 తరువాతి దశాబ్దంలో స్థిరపడింది. ప్రాసెసర్ జోలికీ మదర్‌బోర్డు జోలికీ పోకుండా ఒక్క భాగాన్ని మార్చినంతనే, ఇక పారేయవలసిందే అనుకున్న యంత్రం మళ్లీ కొన్నేళ్లపాటు పనికి వచ్చేది. ఇందులో చిప్‌ల వేగానికి దక్కవలసిన పేరు దక్కింది కానీ, ఆ కొత్త పరికరం పాత డిస్క్ ఆకారాన్నీ, కేబుళ్లనూ, కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతినీ ఉన్నవి ఉన్నట్టు స్వీకరించడమే సామాన్య గృహస్థుకు ఈ మార్పిడిని అందుబాటులోకి తెచ్చిందన్న సంగతికి తగినంత గుర్తింపు రాలేదు.

హార్డ్ డిస్క్ చరిత్ర 1956లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన రామాక్ యంత్రంతో మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వంలో రూపొందిన ఆ యంత్రపు డిస్క్ విభాగంలో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఒకదానిపై ఒకటి అమరి తిరుగుతూ, మొత్తంగా 50 లక్షల అక్షరాలను దాచేవి. 1980లో సీగేట్ సంస్థ అదే స్థాయి సామర్థ్యాన్ని, అంటే 5 మెగాబైట్లను, అయిదుంబావు అంగుళాల డ్రైవ్‌లో ఇమిడ్చింది. 1983 నాటి ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తోనే అమ్మకానికి వచ్చింది. ఆ తరువాత సామర్థ్యం లక్షల రెట్లు పెరిగినా, అయస్కాంత పూత గల పళ్లెం తిరగడం, దానిపై సమాచారాన్ని చదివే హెడ్‌ను ఒక చేయి కావలసిన చోటికి జరపడం అన్న మూలసూత్రం మాత్రం మారలేదు.

నిదానమంతా ఆ సూత్రంలోనే ఉంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, కావలసిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం కాలం ఆగాలి. హెడ్ అక్కడికి చేరడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను చదవవలసి వచ్చినప్పుడు సెకనుకు దాదాపు 80 ముక్కలకు మించి అందవు. ఒక్కో ముక్క కోసం ఆగే ఆ కాస్త వ్యవధిలో మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం మూడున్నర కోట్లకు పైగా టిక్కులు కొడుతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు కావలసినవి సరిగ్గా ఇలాంటి వేలాది ముక్కలే. క్యాబినెట్ ముందు భాగంలోని డిస్క్ లైటు ఆరకుండా మినుకుమినుకుమంటుంటే, ప్రాసెసర్ చాలావరకు ఖాళీగానే కూర్చునేది. అందుకే ఏటేటా ప్రాసెసర్లు వేగం పుంజుకున్నా ఇంటి కంప్యూటర్ తెరుచుకునే సమయం ఆ మేరకు తగ్గలేదు.

ఈ నిరీక్షణకు విరుగుడైన చిప్ మరో దారిలో వచ్చింది. విద్యుత్తు ఆగిపోయినా ఆవేశాన్ని పట్టి ఉంచే ఫ్లోటింగ్ గేట్ ట్రాన్సిస్టర్‌ను 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ ప్రతిపాదించగా, దాని ఆధారంగా తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో దానిలోనే నాండ్ అనే రకాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. నాండ్‌లో మెమరీ కణాలను వరుసగా గొలుసుకట్టుగా కలపడంవల్ల చిప్‌పై తక్కువ చోటు సరిపోయి ధర తగ్గింది. అయితే సమాచారాన్ని పేజీలుగా రాయాలి, చెరపవలసి వస్తే అనేక పేజీలున్న బ్లాకును మొత్తంగా చెరపాలి. ఎలీ హరారీ, కాన్పూరులో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా, జాక్ యువాన్ 1988లో స్థాపించిన సన్‌డిస్క్, ఇప్పటి శాన్‌డిస్క్, 1991లో ఐబీఎంకు సరఫరా చేసిన 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీ ధర సుమారు వెయ్యి డాలర్లు. ఆ ధరకు ఇళ్లలో దానికి చోటు లేదు కనుక చాలాకాలం ఇలాంటి పరికరాలు కుదుపులను తట్టుకోవలసిన సైనిక, పారిశ్రామిక అవసరాలకే పరిమితమయ్యాయి. ఫ్లాష్‌ను చవక చేసినవి కంప్యూటర్లు కావు. కెమెరాలు, మొబైల్ ఫోన్లు, పాటల ప్లేయర్లు దాన్ని ఇబ్బడిముబ్బడిగా వాడుకోవడంతో ఆ చవకదనం తరువాత కంప్యూటర్లకు అందివచ్చింది.

2008 జనవరిలో వచ్చిన తొలి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 64 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ కోరుకున్నవారు 999 డాలర్లు అదనంగా చెల్లించవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇంటెల్ విడుదల చేసిన ఎక్స్25-ఎం అనే ఎస్‌ఎస్‌డీ 80 గిగాబైట్లకు 595 డాలర్లు పలికింది. ఖరీదైనదే అయినా, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ వెడల్పున్న రెండున్నర అంగుళాల ఆ డబ్బా, డిస్క్‌ను మదర్‌బోర్డుతో కలిపే సాటా అనే పాత కేబుల్‌కే తగులుకుని, పాత స్క్రూ రంధ్రాల్లోనే బిగిసేది.

బయటి ఆకారమే కాదు, లోపలి నడవడి కూడా హార్డ్ డిస్క్‌దే. ఆపరేటింగ్ సిస్టమ్ ఫలానా సెక్టారు కావాలని అడిగితే, ఎస్‌ఎస్‌డీలోని కంట్రోలర్ అనే చిప్ ఆ చిరునామాను అసలు పేజీ ఉన్న చోటికి మార్చుకుని జవాబిస్తుంది. కణాలు పరిమితమైన సార్లు చెరిపి రాయడానికే పనికివస్తాయి కాబట్టి అరుగుదలను అన్ని బ్లాకులకూ సమంగా పంచుతుంది. ఈ వేషానికి మూల్యం కూడా ఉంది. ఫైలును తొలగించినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ తన పట్టికలో గుర్తు పెట్టుకునేదే తప్ప డ్రైవ్‌కు ఆ సంగతి చెప్పేది కాదు. దాంతో పనికిరాని సమాచారాన్ని డ్రైవ్ మోసుకుంటూ క్రమంగా నెమ్మదించేది. ఫలానా చోటు ఖాళీ అయిందని తెలియజేసే ట్రిమ్ ఆదేశం 2009 అక్టోబరులో విండోస్ 7తో పాటు వచ్చాకనే ఈ చిక్కు తీరింది. మరో చిక్కు ఏమిటంటే, విండోస్ ఎక్స్‌పీ డిస్క్‌లోని విభాగాన్ని, అంటే పార్టిషన్‌ను, 63వ సెక్టారు నుంచి మొదలుపెట్టేది కనుక అది ఫ్లాష్ పేజీల హద్దులతో కలిసేది కాదు. దాన్ని సరిదిద్దుకోవడం ఆ రోజుల్లో ఇంటి వాడకందార్లు సొంతంగా నేర్చుకున్న విద్య.

2011లో థాయ్‌లాండ్ వరదలు హార్డ్ డిస్క్ కర్మాగారాలను ముంచెత్తి వాటి ధరలు పెంచగా, ఎస్‌ఎస్‌డీ ధరలు తగ్గుతూనే వచ్చాయి. పని విధానం కూడా అప్పటికి కుదురుకుంది: కొత్త డ్రైవ్‌ను సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో బయట తగిలించి పాత డిస్క్‌లోని సర్వస్వాన్నీ దానిపైకి నకలు తీయడం, దాన్నే క్లోనింగ్ అంటారు, తరువాత వెనుక మూత విప్పి డ్రైవ్‌లు మార్చడం. డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ ఖాళీలో క్యాడీ అనే చట్రంతో పాత డిస్క్‌ను నిలుపుకోవడం ల్యాప్‌టాప్‌లకే చెల్లిన ఉపాయం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా అందరికీ తెలిసిన చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లలో ఇది నిత్యం జరిగే పని అయింది.

కాలక్రమంలో ఆ పాత వేషమే కొత్త డ్రైవ్‌కు ఇరుకైంది. సెకనుకు 600 మెగాబైట్ల దగ్గర ఆగిపోయే సాటాను దాటడానికి, 2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణం ఫ్లాష్‌ను ఫ్లాష్‌గానే గుర్తించి ప్రాసెసర్‌తో నేరుగా కలిపింది; డబ్బా పోయి, ఎం.2 అనే సన్నని పట్టీ వచ్చింది. 2015 నాటి 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో ఆ పట్టీ కూడా లేదు, చిప్‌లను మదర్‌బోర్డుకే అతికించారు. పలుచదనం కోసం చేసిన ఈ మార్పు వాడకందారు చేతిలోని స్క్రూడ్రైవర్‌ను నిరుపయోగం చేసిందన్నది విచారించదగిన విషయమే; అలాంటి యంత్రాన్ని కొనేవారు రాబోయే అయిదారేళ్లకు ఎంత చోటు కావాలో దుకాణంలోనే తేల్చుకుని, ఆ మొత్తానికి అప్పుడే డబ్బు కట్టవలసి ఉంటుంది.