ఆటలో గుర్రం, రాయలవారి గుర్రం

మొన్న దసరా సెలవులకు బళ్లారిలో మా పెదనాన్న ఇంటికి పోయినప్పుడు అన్న లాప్‌టాప్‌లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ’ అనే ఆట చూపించాడు. 1999లో వచ్చిన ఆట, నేను పుట్టకముందుది. చదరంగం మాదిరి ఒకరి తర్వాత ఒకరు కాదు, ఇద్దరూ ఒకేసారి ఆడాలి. పొలం వేయాలి, కట్టెలు కొట్టాలి, బంగారం తవ్వాలి, సైన్యం తయారు చేసి అవతలివాళ్ల ఊరి మీద పడాలి.

ఇందులో సైన్యం లెక్క తమాషాగా ఉంటుంది. ఈటెవాడు గుర్రపు రౌతును కొడతాడు. రౌతు విలుకాడిని తొక్కేస్తాడు. విలుకాడు దూరం నుంచే ఈటెవాడిని పడేస్తాడు. ఈటెవాడికి 35 ఆహారం, 25 కట్టెలు చాలు. నైట్ అనే పెద్ద రౌతుకైతే 60 ఆహారం, 75 బంగారం కావాలి. అంత ఖరీదైన రౌతును చవక ఈటెవాళ్లు పడగొడతారు కాబట్టి ఒకే రకం సైన్యంతో గెలవడం కష్టం. ఇద్దరికీ గెలిచే అవకాశం సమానంగా ఉండాలని ఆట చేసినవాళ్లు ఇట్లా తూకం వేశారు.

మొదట ఆటలో 13 జాతులుంటే మనవాళ్లు ఒక్కరూ లేరు. 2013లో ‘ఇండియన్స్’ వచ్చారు. 2022లో ‘ద్రవిడియన్స్’ అని దక్షిణాదివాళ్లను వేరుగా పెట్టారు. ఏనుగులు ఇచ్చారు గానీ నైట్ ఇవ్వలేదు, ఉన్న గుర్రాలు కూడా బలహీనమే. అన్నకు దీని మీదే కోపం. “చూడప్పా, హంపీ కట్టినోళ్లకు మంచి గుర్రాలు లేవంట!” అన్నాడు. నాకూ కోపం వచ్చింది. హంపీలో హజార రామాలయం ప్రహరీ గోడ మీద వరుసలుగా చెక్కిన గుర్రాలను నేను చూసినాను కదా. ఆట తప్పు అని నిరూపించాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

చదివేకొద్దీ సంగతి వేరుగా కనపడింది. రెండవ దేవరాయలు (1424–1446) బహమనీ సుల్తానుల చేతిలో ఎందుకు ఓడిపోతున్నామని సభలో అడిగితే, వాళ్ల గుర్రాలు మనవాటికంటే గట్టివి, వాళ్ల విలుకాళ్లు మేలైనవాళ్లు అని జవాబు వచ్చిందట. అప్పుడు ఆయన ముస్లిం విలుకాళ్లను కొలువులో పెట్టుకుని, వాళ్లకు మసీదు కట్టించాడని ఫిరిష్తా రాశాడు. అంటే మన గుర్రాలు బలహీనమనే మాట ఆట చేసినవాళ్లు కల్పించింది కాదు, రాయల సభలోనే అన్నారు!

ఇంక గుర్రాలు ఎక్కడివి? సముద్రం మీద అరేబియా, హోర్ముజ్ వైపు నుంచి వచ్చేవి. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసింది చదివితే నవ్వొస్తుంది. సాళువ నరసింహుడు బతికిన గుర్రానికే కాదు, ఓడలో చచ్చిపోయిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాడట. తోకకు డబ్బేమిటి అనుకున్నాను మొదట. ఆలోచిస్తే, నష్టం భయం లేకపోతే వర్తకుడు మళ్లీ మళ్లీ ఇటే వస్తాడు. శ్రీకృష్ణదేవరాయలు కూడా ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పేచోట ఈ మాటే అంటారు. దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చేవాళ్లకు ఊళ్లు, ఇళ్లు, మర్యాద, మంచి ధర ఇచ్చి మనవాళ్లను చేసుకోవాలి, అవి శత్రువులకు చేరకుండా చూసుకోవాలి అని.

చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆట చేసినవాడు తూకం సరిగ్గా ఉండాలని కష్టపడతాడు. రాజు ఆ తూకం చెడగొట్టాలనే కష్టపడతాడు.

మన సిరుగుప్ప దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే రాయచూరు జిల్లా. 1520లో రాయచూరు కోట కోసం రాయలవారికీ, బిజాపూరు ఇస్మాయిల్ ఆదిల్‌షాకీ యుద్ధం జరిగింది. నూనిజ్ చెప్పిన లక్షల సైన్యం లెక్క నేను నమ్మను, ఆయన వచ్చింది పదిహేనేళ్ల తర్వాత. యుద్ధం జరిగిన తీరు మాత్రం ఆటను పోలి ఉంది. బిజాపూరు ఫిరంగులు మొదట పేలగానే రాయల ముందు వరుస చెదిరిపోయింది. రాయలు మిగతా సైన్యాన్ని కూడగట్టుకుని మీద పడి గెలిచారు. ఆటలో కూడా ఫిరంగి దూరానికే పులి, దగ్గరికి పోతే ఏమీ చేయలేదు. ఇది ఆట చేసినవాళ్లు సరిగ్గానే పెట్టారు. తర్వాత కోట గోడ మీది కాపలావాళ్లను తుపాకులతో కొట్టింది పోర్చుగీసు క్రిస్టోవావో ద ఫిగెయిరెదో మనుషులు. వాళ్లు వచ్చింది దేనికనుకున్నారు? గుర్రాలు అమ్ముకోవడానికే!

ఆటలో ఓడలున్నాయి గానీ, గుర్రాలను అమ్మకానికి తెచ్చే ఓడ లేదు. లాయం కట్టి బటన్ నొక్కితే అర నిమిషంలో నైట్ బయటికి వస్తాడు. దాహం కూడా లేదు. రాయచూరు దారి పొడవునా సైన్యానికి నీళ్లు పోయడానికే తోలుతిత్తులతో 12,000 మందిని పెట్టారని నూనిజ్ రాశాడు. ఆటలో నీళ్లు మోసేవాడు ఒక్కడూ కనపడడు.

ఇదంతా అన్నకు చెప్పి, సంక్రాంతి సెలవుల్లో మేమే ఒక నియమం పెట్టుకున్నాం. రేవు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే గుర్రాలు చేయాలి. అన్న స్నేహితుడి లాప్‌టాప్ తెచ్చుకుని సముద్రం ఉన్న మ్యాప్‌లో కూర్చున్నాం. పది నిమిషాల్లో అన్న నా రేవు తగలబెట్టాడు. ఇంక నాకు గుర్రం లేదు, తోక కూడా లేదు. ఈటెవాళ్లతో గంటసేపు గోడల వెనకాల దాక్కున్నాను. చివరికి అన్నే విసుగొచ్చి, “ఇది ఆట కాదప్పా, మామూలుగానే ఆడదాం” అన్నాడు.