ఊరి అడవికి ఊరే యజమాని



ఊరుమ్మడి ఆస్తి అనగానే మనకు గుర్తొచ్చేవి చెరువు, పశువుల బీడు, గుడి వెనుక తోపు, ఊరి పక్క అడవి. ఇవి ఎవరివని పెద్దలను అడగండి, "అందరివీ" అంటారు. రెవిన్యూ కాగితం తీసి చూడండి, "సర్కారువి" అని ఉంటుంది. ఈ రెండు జవాబులనూ ఒక్కటి చేయడానికి పాతికేళ్ళకు పైగా పాటుపడిన ఒక చిన్న ఊరి చరిత్ర ఈవేళ మీకు చెబుతాను.

ఆ ఊరి పేరు మేంఢా. పక్కనున్న లేఖాతో కలిపి మేంఢా లేఖా అంటారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, ధానోరా తాలూకాలో ఉంది. తెలుగువారు తరతరాలుగా కాపురమున్న సిరొంచ కూడా ఆ జిల్లాలోదే కాబట్టి ఇది మనకు మరీ పరాయి సంగతి కాదు. మేంఢా సుమారు నూరు గడపల గోండు పల్లె. చుట్టూ టేకు, ఇప్ప, వెదురు పెరిగే అడవి.

పూర్వం ఆ అడవిలో కట్టెపుల్ల, వెదురు, ఇప్పపువ్వు ఇంటి అవసరాలకు తెచ్చుకునే వాడుక హక్కు ఊరివారికి ఉండేది. దాన్ని నిస్తార్ అనేవారు. స్వాతంత్ర్యం వచ్చాక జమీందారీలు రద్దై అడవి ప్రభుత్వపరమైంది. వెదురు కాగితపు మిల్లుకు లీజుగా పోయింది. తాతల నాటి అడవిలోనే ఊరివాళ్ళు దొంగల్లా తలవంచుకుని నడవాల్సి వచ్చింది.

మార్పు ఎక్కడ మొదలైంది? 1980ల మొదట్లో గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం ఆనకట్టలు కట్టాలని ప్రభుత్వాలు తలపెట్టాయి. అడవులూ ఊళ్ళూ మునిగిపోతాయని ఆదివాసులు ఎదురు తిరిగారు. బాబా ఆమ్టే వారికి అండగా నిలిచారు. అప్పటికి ఆ పథకాలు ఆగాయి. ఆ ఉద్యమం మేంఢావారికి ఒక ఆలోచననిచ్చింది. దిల్లీలో, ముంబయిలో మన సర్కారు ఉంది సరే, మరి మన ఊళ్ళో సర్కారు ఎవరు? "మేమే" అన్నారు వాళ్ళు. గోండీలో "మావా నాటే మావా రాజ్" అని నినాదం చేసుకున్నారు. మా ఊళ్ళో మా రాజ్యం అని అర్థం. గోండీ మన తెలుగుకు చుట్టమైన భాష. ఆ "మావా"లో మన "మా" వినబడటం లేదూ?

నినాదంతో వాళ్ళు ఆగలేదు. ఊరి పెద్ద దేవాజీ తోఫా, సర్వోదయ కార్యకర్త మోహన్ హీరాబాయి హీరాలాల్ వంటివారి తోడ్పాటుతో గ్రామసభను నిలబెట్టారు. ఆడా మగా అందరూ కూర్చోవాలి. ఓట్లు లెక్కపెట్టకూడదు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవాలి. చట్టాలు తెలుసుకోవడానికి 'అభ్యాస గట్' పేరుతో చదువు బృందాలు పెట్టుకున్నారు. అడవిలో నిప్పు, కొత్త ఆక్రమణలు, దొంగ నరుకుడు జరగకుండా తామే కాపలా కాశారు. అప్పటికి వారి చేతిలో హక్కుపత్రం ఏదీ లేదు.

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2007 డిసెంబరు 31న అది అమలులోకి వచ్చింది. 2009లో మేంఢాకు సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద, అంటే దాదాపు 4,450 ఎకరాల మీద, సామూహిక హక్కు లభించింది. దేశంలో మొట్టమొదట ఇలాంటి హక్కు పొందిన ఊళ్ళలో ఇదొకటి. ఇది అమ్ముకునే హక్కు కాదని గమనించండి. అనుభవించడానికి, కాపాడుకోవడానికి, పిల్లలకు అప్పగించడానికి మాత్రమే.

పట్టా వచ్చినా చిక్కు తీరలేదు. వెదురు అమ్మబోతే రవాణా పర్మిట్ ఇవ్వమంది అటవీశాఖ. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టు అంది, కొత్త చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం అంది. రెండేళ్ళు పోరాడాక, 2011 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. అప్పటినుంచి రాసిచ్చే కలం ఊరిదే, అమ్మిన డబ్బూ ఊరి ఖాతాకే.

2013లో ఇంకో అడుగు వేశారు. తమ సాగు భూములను కూడా గ్రామసభ పేర పెట్టడానికి 1964 నాటి మహారాష్ట్ర గ్రామదాన చట్టం కింద ఊరంతా ఒప్పుకుంది. ఈ గ్రామదానానికి మూలమైన భూదానం పుట్టింది మన తెలుగు నేల మీదనే. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే అడగగా వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చారు.

శ్రోతలారా, ఇందులో ముందూ వెనుకలను గమనించండి. ముందు ఊరు కూర్చుంది, నియమం పెట్టుకుంది, కాపలా కాసింది. కాగితం తర్వాత వచ్చింది. మన ఊళ్ళలో చాలాచోట్ల అడవి లేకపోవచ్చు. తోపు ఉంది, బీడు ఉంది, చెరువు గట్టు ఉంది. అలాంటి ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కానీ ఏ భూమి ఉమ్మడిదో ఊరికే తెలియకపోతే ఆ ఆదేశం అక్కరకు రాదు. మహారాష్ట్రలో సాత్‌బారా అన్నా, కర్ణాటకలో పహణి అన్నా, తమిళనాట అడంగల్ అన్నా లెక్క ఒకటే. ఈసారి గ్రామసభ జరిగేటప్పుడు మీ ఊరి తోపు సర్వే నంబరు అడిగి, దాని కాగితం అందరి ముందూ చదివించండి.