ముందు బండికీ వెనక బండికీ నడుమ

మేము చదివింది తమిళ మీడియం, ఉద్యోగం రైల్వేలో గుమాస్తా. మాది ఇంటి తెలుగే. మన పిల్లల్లో ఇంజనీరింగ్ చదివేవాళ్ళు కంప్యూటర్‌లో రోడ్డు గీసి బండ్లు పరుగెత్తిస్తున్నారు. ఆ బండ్లు ఒకదాన్నొకటి ఎందుకు గుద్దుకోవు? ఆ కథ రైల్వే నుంచే మొదలుపెట్టాలి.

తొలి రోజుల్లో బ్రిటన్‌లో ఒక రైలు పోయాక ఇన్ని నిమిషాలు ఆగి ఇంకొకటి వదిలేవాళ్ళు. ముందు రైలు దారిలో నిలిచిపోయిందేమో గడియారానికి ఏం తెలుసు? 1889 జూన్ 12న ఐర్లాండులో ఆర్మా ఊరి దగ్గర బడిపిల్లల విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. దాన్ని రెండుగా విడదీశారు. ఇంజను నుంచి విడిపోతే పట్టు వదిలే బ్రేకులు అవి. వెనక పది పెట్టెలు పల్లానికి జారిపోయి, టైము లెక్కన వెనకాలే వదిలిన రైలును గుద్దాయి. 80 మంది పోయారు, వాళ్ళలో పిల్లలు ఎందరో. ఆ ఏడాదే చట్టం వచ్చింది: బ్లాకు పద్ధతి, ఇంటర్‌లాకింగ్, పెట్టెలు విడిపోతే తానే పట్టుకునే బ్రేకు.

మన స్టేషన్ మాస్టర్లు ‘లైన్ క్లియర్’ అడిగేది అందుకే. అవతలి స్టేషను దాకా లైను ఖాళీ ఉంటేనే బండి కదులుతుంది. ముందు రైలు పరుగెత్తుతూ ఉన్నా, రైల్వే దాన్ని నిలబడిన గోడగానే లెక్క వేస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

రోడ్డు మీద లైన్ క్లియర్ ఇచ్చేవాళ్ళు లేరు, డ్రైవరు కన్నే సిగ్నలు. ఆ కన్నును లెక్కలోకి తెచ్చే పని 1950ల్లో జోరందుకుంది. అమెరికాలో పైప్స్ 1953లో ఒక సూత్రం రాశాడు: గంటకు పది మైళ్ళ వేగానికి ఒక కారు పొడవు ఎడం. 1958లో జనరల్ మోటార్స్‌లో రెండు కార్ల నడుమ తీగ కట్టి, ముందువాడు బ్రేకు వేస్తే వెనకవాడు ఎప్పుడు వేస్తాడో కొలిచారు. సుమారు ఒకటిన్నర సెకండు ఆలస్యం తేలింది.

1981లో గిప్స్ రాసిన సూత్రం మాకు బాగా నచ్చింది. ముందు బండి గట్టిగా బ్రేకు వేసినా మనం గుద్దకుండా ఆగగలిగే వేగంలోనే పోవాలి. ముందువాడి బ్రేకు ఎంత గట్టిదో వెనకవాడు ఊహిస్తాడు, ఆ ఊహ కూడా సూత్రంలో ఉంది. 1998లో జర్మనీలో క్రౌస్ దీన్ని సులువు చేశాడు. పిల్లలు వాడే సూమో అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా నడిచేది దాని మారు రూపమే. అందులో ఒక సెకండు ఎడం, ఆగినప్పుడు రెండున్నర మీటర్లు.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకండుకు సుమారు 17 మీటర్లు. అంటే సూమో ఎడం దాదాపు 19 మీటర్లు. కానీ తేరుకోవడానికి ఒకటిన్నర సెకండు పట్టి, బ్రేకు బాగా పట్టినా, మనం పూర్తిగా ఆగడానికి 40 మీటర్లు దాటుతుంది. మరి 19 ఎలా చాలుతుంది? బొమ్మ డ్రైవరు ఒక సెకండులోపే తేరుకుంటాడు, ముందు బండి కూడా జారుతూ కొంత దూరం పోయి ఆగుతుందని నమ్ముతాడు. బ్లాకు పద్ధతిలో రైల్వే ఆ నమ్మకం పెట్టుకోదు. రాత్రి లైటు లేకుండా నిలిపిన లారీని ముందు బండి గుద్దితే, అది జారదు, అక్కడికక్కడే గోడ అవుతుంది.

అందుకే కంప్యూటర్‌లో గుద్దుకోలేదు గనక రోడ్డు మంచిదని ఎవరైనా చెబితే మేము ఒప్పుకోము. గుద్దుకోకుండా ఉండేలానే ఆ సూత్రం కట్టారు. పైగా అది లేనులో ఒకరి వెనక ఒకరు పోయే దేశాల కోసం పుట్టింది. మన రోడ్డులో 19 మీటర్లు వదిలితే అందులో ఒక ఆటో, రెండు బైకులు దూరతాయి. లేను లేని ఇలాంటి రోడ్లకు వేరే లెక్క కావాలని మద్రాసు ఐ.ఐ.టి. వాళ్ళు కూడా పని చేశారు.

సంఘానికి ఒక మనవి. తిరుమలకు మన వేన్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతాయి, తప్పిపోతామని భయం. సెల్‌ఫోన్లు ఉన్నాయి గదా. హైవేలో 50 మీటర్లకు తగ్గకుండా వదలమని, బయలుదేరే ముందే డ్రైవర్లకు కమిటీ వాళ్ళు చెప్పాలండి.