చలిజ్వరం వేషాలు

మలేరియా చరిత్ర అనగానే మనవారికి సికింద్రాబాదు బేగంపేట గుర్తుకు వస్తుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూచింది అక్కడే. ఆ దోమలకు తన నెత్తురు కుడిపిన రోగి హుసేన్ ఖాన్‌కు దోమకొక అణా చొప్పున ముట్టింది. ఇది పదేపదే చెప్పుకున్న కథ. ఆ క్రిమి మన ఒంటిలోని రక్షణ బలగాన్ని ఏమార్చి ఎలా బ్రతుకుతుందన్నది రెండవ కథ. నా మటుకు నాకు ఇదే ఎక్కువ ఆసక్తికరం.

మశూచి ఒకసారి సోకి బ్రతికి బయటపడినవారికి సాధారణంగా మళ్ళీ రాదని మన అవ్వలకు కూడా తెలుసు. మలేరియా అలా కాదు, మళ్ళీ మళ్ళీ వస్తుంది. అలాగని శరీరం చేతులు ముడుచుకొని కూర్చోదు. 1961లో కోహెన్, మెక్‌గ్రెగర్, కారింగ్టన్ అనే శాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోని గాంబియాలో జ్వరాలకు రాటుదేలిన పెద్దల నెత్తురునుండి యాంటీబాడీలను వేరుచేసి జబ్బుపడిన పిల్లలకు ఎక్కించారు. పిల్లల నెత్తురులో క్రిములు బాగా తగ్గాయి. ఆయుధం ఉన్నదన్నమాట. అయితే అది సమకూరడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా పసివాళ్ళు రాలిపోతున్నారు. ఎందుకింత ఆలస్యం?

1965లో ఇద్దరు బ్రౌన్‌లు (మన నిఘంటువు బ్రౌన్ దొర కాదు లెండి!) కోతులలో ఒక ఆచూకీ పట్టారు. జ్వరం తిరగబెట్టినప్పుడల్లా క్రిమి పైరూపు మారుతున్నది. మనుషులను ఎక్కువగా చంపే ఫాల్సిపేరం జాతిలో ఈ మార్పు వెనుకనున్న జన్యువులు 1995లో దొరికాయి. వాటి పేరు వార్ జన్యువులు, సంఖ్య దాదాపు 60.

ఎర్రకణంలో దాగిన క్రిమి ఒక మాంసకృత్తును కణం పైకి పంపుతుంది. దానితో కణం రక్తనాళపు గోడకు అతుక్కుపోతుంది. కొట్టుకుపోతే ప్లీహం వడకట్టి చంపేస్తుంది మరి! అయితే బయటికి కనబడే ఆ మాంసకృత్తే యాంటీబాడీలకు ఆనవాలు. అందుకని పగటివేషగాడిలా ఒకసారికి ఒక వేషమే కడుతుంది. శరీరం ఆ వేషాన్ని గుర్తుపట్టి దాడి చేసేసరికి కొన్ని క్రిములు మరొక జన్యువుతో మరొక వేషంలోకి మారిపోయి ఉంటాయి. మిగిలేవి అవే. పెద్దవాళ్ళయ్యేసరికి గాంబియావారు చాలా వేషాలను చూచేశారు. పసిబిడ్డకు ప్రతిదీ కొత్తదే.

టీకా తయారీకి ఇన్ని దశాబ్దాలు పట్టడానికి ఈ వేషాలొక కారణం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు విస్తృతంగా వాడమని సిఫారసు చేసిన మొదటి టీకా ఈ వేషాల జోలికే పోదు. దోమకాటుతో లోపలికి దిగిన క్రిమిని, అది కాలేయంలో స్థిరపడకముందే అటకాయిస్తుంది. నాలుగు మోతాదులు వేయాలి, అయినా రక్షణ పాక్షికమే. 2023లో సిఫారసు పొందిన రెండవ టీకాదీ అదే దారి. అది తయారవుతున్నది మన పూణేలో.