రెండు తీగల మీద సున్నా

2012 చలికాలం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు నడుస్తున్న రోజులు. పశ్చిమ గోదావరిలో ఒక రొయ్యల ప్లాంటు నుంచి ఫోనొచ్చింది. ఒకటో నంబరు జనరేటర్ రాత్రిపూట ట్రిప్పవుతోందట. నెలన్నరగా ఇదే వరస.

నేను వెళ్లేసరికి ఆ సెట్టుకి చెయ్యని వైద్యం లేదు. ఫిల్టర్లు మార్చారు. ఇంజెక్టర్లు విప్పి టెస్టు చేయించారు. ఫ్యూయల్ పంపుని కాలిబ్రేషన్‌కి పంపి తెచ్చారు. చివరికి ట్రిప్ చేస్తున్న రిలేనే కొత్తది పెట్టారు. అయినా వారానికి రెండు మూడు రాత్రులు పడిపోతూనే ఉంది. ఒక తెల్లవారుజామున అది ఆగిన సంగతి ఎవరూ చూసుకోలేదు. షిఫ్టువాళ్లొచ్చి ప్లేట్ ఫ్రీజర్ల కంప్రెసర్లు ఆన్ చేశారు. బరువంతా రెండో సెట్టు మీద పడి అదీ ఆగిపోయింది. సగం గడ్డకట్టిన సరుకు ట్రేలలోనే ఉండిపోయింది. రొయ్యలు ఒలవడానికి ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు పని లేక తిరిగి వెళ్లారు.

మొత్తం మూడు సెట్లు, 1996లో దిగినవి. ఒక్కోటి 500 కేవీఏ, అంటే 400 కిలోవాట్లు. మామూలుగా ఒకటీ రెండూ కలిసి నడుస్తాయి, మూడోది స్పేరు. "ఒకటో నంబరు నీరసపడిపోయిందండి, బరువు లాగట్లేదు" అన్నారు ఆపరేటర్. అరవై దాటిన మనిషి, ఆ సెట్లు దిగిన రోజు నుంచీ వాటి దగ్గరే ఉన్నారు. రెండో రోజుకే ఆయన్ని బాబాయ్ అనడం మొదలుపెట్టాను.

రిలే చెప్పిన మాట ఒకటే: రివర్స్ పవర్. అంటే ఆ సెట్టు కరెంటు ఇవ్వడం మానేసి, పక్క సెట్టు నుంచే కరెంటు తీసుకుని మోటారులా తిరుగుతోంది. నాకంటే ముందు వచ్చినవాళ్లలో ఒకరు, ఎక్సైటేషన్‌ని సర్ది వోల్టేజీని నిలబెట్టే ఏవీఆర్‌ని అనుమానించారు. ఆ దారిలో ఏమీ దొరకదు. పారలల్‌లో ఉన్న సెట్ల మధ్య ఎక్సైటేషన్ పంచేది కేవీఏఆర్లనే, అంటే రియాక్టివ్ పవర్‌నే. కిలోవాట్లు పంచేది డీజిల్, దాన్ని నడిపేది గవర్నరు. రివర్స్ పవర్ రిలే చూసేది కిలోవాట్లనే. అక్కడికి సగం ప్యానెల్ వెతుకులాట నుంచి తప్పుకుంది.

తర్వాత లాగ్‌బుక్ అడిగాను. ఎక్కడికి వెళ్లినా మీటరు బయటికి తీసేముందు లాగ్‌బుక్ చదవడం నా అలవాటు. బాబాయ్ గంటగంటకీ గుండ్రటి చేతిరాతతో మూడు అంకెలు రాసేవారు: ఒకటో సెట్టు కిలోవాట్లు, రెండోది, ఔట్‌గోయింగ్ మీటరులో మొత్తం. పగటి అంకెలు ముచ్చటగా ఉన్నాయి. మొత్తం 600 అయితే చెరో 300. సాయంత్రం ఫ్రీజర్లు కొన్ని ఆగి 400కి దిగితే రెండోది 225, ఒకటోది 175. రాత్రి 200 దగ్గర రెండోది 150, ఒకటోది 50.

అక్కడ చాలాసేపు ఆగిపోయాను. నీరసపడ్డ ఇంజను బరువు పెరిగేకొద్దీ వెనకబడుతుంది. బరువు లేనప్పుడు పక్కదానితో సమంగానే ఉంటుంది. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. ఎక్కువ బరువు మీద సరిసమానం, బరువు తగ్గేకొద్దీ తేడా. ఇంజనుకి వచ్చే జబ్బు ఇలా ఉండదు.

ట్రిప్పయిన ఒక రాత్రి వరస చూస్తే ఇంకోటి కనిపించింది. రెండోది 105. ఒకటోది 0. మొత్తం 80. కూడిక తప్పింది. 105 కిలోవాట్లు తయారైతే బయటికి వెళ్లింది 80, మరి మిగతా 25 ఏమైనట్టు? లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్లి ఒకటో సెట్టు మీటరు చూశాను. పాతకాలపు ముల్లు మీటరు, స్కేలు సున్నా దగ్గర మొదలవుతుంది, సున్నా పక్కనే చిన్న పిన్ను. కరెంటు వెనక్కి వచ్చినప్పుడు ముల్లు ఆ పిన్నుకి ఆనుకుని ఉండిపోతుంది, చూసేవాళ్లకి అది సున్నాలాగే కనిపిస్తుంది. బాబాయ్ చూసిందే రాశారు. ఆ 25 కిలోవాట్లు డీజిల్ మూసుకుపోయిన ఒకటో ఇంజనుని తిప్పడానికి పోయాయి. రిలే సెట్టింగు 20 కిలోవాట్లు, 10 సెకన్లు. కోల్డ్ స్టోరేజీ కంప్రెసరు ఆ 10 సెకన్లలోపే మళ్లీ అందుకుంటే గండం గడిచేది, అందుకోకపోతే ట్రిప్పు. కొన్ని రాత్రులే పడిపోవడానికి కారణం అదే.

ఇక పుస్తకంలో రెండు వాక్యాలు మిగిలాయి. మొదటిది: ఒకటో సెట్టు పంపు సర్వీసుకి వెళ్లిన మూడు రోజులు మూడోదీ రెండోదీ కలిసి నడిచాయి. ఆ మూడింటిలో ఒక రాత్రి మూడోది ట్రిప్పయింది, రివర్స్ పవర్ మీదే. ఒక్కసారే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం కేసు అక్కడే తిరిగింది. పడిపోతున్నది ఒకటో నంబరు కాదు, రెండో నంబరు పక్కన ఎవరుంటే వాళ్లు. రెండో వాక్యం నెలన్నర వెనక్కి పోతే ఎర్రసిరాతో ఉంది: "రెండో నం. కార్డు మార్చారు. లోడు సమం. ఓకే."

ఆ కార్డు గురించి కొంచెం చెప్పాలి. బరువు పెరిగితే వేగం కాస్త జారనిచ్చే గవర్నరు ఒక రకం. నాలుగు శాతం డ్రూప్ పెడితే ఖాళీగా 52 హెర్ట్జ్ ఉన్నది నిండు బరువు మీద 50కి దిగుతుంది. ఆ జారుడు వల్లే సెట్లు బరువు పంచుకుంటాయి. ఎంత బరువు పడినా వేగాన్ని కచ్చితంగా నిలబెట్టేది ఇంకో రకం, ఐసోక్రనస్. ఈ రెంటికీ ఉన్న తేడాని మాక్స్‌వెల్ 1868లోనే గవర్నర్ల మీద రాసిన వ్యాసంలో విడదీసి చూపాడు. మొదటి రకాన్ని మోడరేటర్ అన్నాడు, రెండోదానికే గవర్నర్ అనే పేరు ఉంచాడు. ఇక్కడివి ఐసోక్రనస్ సెట్లే. అలాంటివి రెండింటిని ఒకే బస్‌బార్ మీద వదిలేస్తే పంచుకోవు, ఒకటి మొత్తం లాక్కుంటుంది. అందుకని వాటి మధ్య రెండు తీగలు వేసి, ప్రతి సెట్టుకీ ఒక లోడ్ షేరింగ్ కార్డు పెడతారు. ఆ కార్డు తన సెట్టు మోస్తున్న కిలోవాట్లని వోల్టులుగా మార్చి తీగల మీద పెడుతుంది. ఈ పాత కార్డుల్లో బరువు లేకపోతే 0, నిండు బరువుకి 3 వోల్టులు. తీగల మీద నిలిచేది అందరి సగటు. తన వోల్టు సగటు కంటే తక్కువుంటే కార్డు ఇంకాస్త డీజిల్ అడుగుతుంది, ఎక్కువుంటే తగ్గిస్తుంది.

ఆ రాత్రి పదకొండింటికి కంప్రెసర్లు ఒక్కొక్కటే ఆపించి, ఆ తీగలకి మల్టీమీటర్ తగిలించాను. మొత్తం 600 ఉన్నప్పుడు 2.25 వోల్టులు, అంటే 75 శాతం. లెక్క సరిపోయింది. 120కి దింపాం. రెండో సెట్టు 120 మోస్తోంది, ఒకటోది ఏమీ మొయ్యట్లేదు. తీగల మీద ఉండాల్సింది 0.45. మీటరు చూపించింది సున్నా. 120 కిలోవాట్లు మోస్తున్న సెట్టు, తన మీద బరువే లేదని పక్కదానికి చెబుతోంది. పక్కది ఆ మాట నమ్మి డీజిల్ మూసుకుంటోంది.

కొత్త డిజిటల్ కార్డు సెట్టింగులు తెరిచాం. స్పాన్ 5 వోల్టుల దగ్గరే వదిలేశారు, ఆఫ్‌సెట్ మైనస్ 1.5. నిండు బరువుకి 5 అంటే 75 శాతానికి 3.75, అందులోంచి 1.5 తీస్తే 2.25. పాత కార్డు కూడా 75 శాతానికి 2.25 ఇస్తుంది. అంటే రెండు గీతలు 300 కిలోవాట్ల దగ్గర ఒక్కచోటే కలుసుకున్నాయి, కిందికి వచ్చేకొద్దీ విడిపోయాయి. కార్డు పెట్టినాయన పగలు, 600 మీద వచ్చాడు. రెండోది తక్కువ మోస్తుంటే, ముళ్లు రెండూ సమంగా నిలబడేదాకా ఆఫ్‌సెట్ జరిపాడు. సమం కాగానే ఓకే రాయించుకున్నాడు.

ఆయన్ని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. బాబాయ్ దాచిన పాత కార్డు బీరువాలోంచి తెచ్చి చూపించారు. కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి, బోర్డు మీద గోధుమరంగు మరక కట్టింది. ఒక పక్కన లోడ్ గెయిన్ స్క్రూ, ఎవరూ కదపకుండా దాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క. పదహారేళ్ల కిందట పెట్టిన చుక్క, ఇంకా మెరుస్తోంది. ఆ కార్డులో పంపకానికి సరిచేసే స్క్రూ అదొక్కటే. సున్నా పుట్టుకతోనే సున్నా. నిండు బరువు మీద ఒకచోట సరిచేస్తే గీత మొత్తం సరిపోతుంది. ఆ కార్డు మీద అలవాటైన చెయ్యి కొత్తదాని మీద కూడా అదే పని చేసింది. కొత్తదానికి అంకెలు రెండు, కాబట్టి రెండు చోట్ల చూడాలి. నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి.

స్పాన్ 3, ఆఫ్‌సెట్ 0 పెట్టాం. మిగతా రెండు పాత కార్డులూ వేసవిలోపే మార్చి, మూడింటినీ ఒకే రకం చేసి కమ్యూనికేషన్ కేబుల్ మీద మాట్లాడించమని రాసిచ్చాను. వయసైపోయిన కార్డుల్ని ఒక్కొక్కటిగా మార్చడం నాకెప్పుడూ ఇష్టముండదు. ఖర్చుకి భయపడి అలా చేస్తారు, ఆ మధ్యకాలంలోనే ఇలాంటివి పుడతాయి.

మళ్లీ 600 నుంచి మొదలుపెట్టి దిగాం. 400 దగ్గర చెరో 200. 200 దగ్గర చెరో వంద. 80కి వచ్చాక బాబాయ్ ఒకటో సెట్టు మీటరు ముందు నిలబడి, ముల్లుకీ పిన్నుకీ మధ్య ఖాళీని కాసేపు చూశారు. తీగల మీద 0.3 వోల్టులు. తర్వాత కుర్చీలో కూర్చుని పుస్తకం తీశారు: "రాత్రి 2 గం. ఒకటి 40. రెండు 40. మొత్తం 80."